బందరు కోట నేర్పు పాఠము

కోట యనగానే కొండపల్లి, గోలకొండ, చంద్రగిరి వంటి గిరిదుర్గములు మన తలపునకు వచ్చును. ఎత్తైన కొండ, దానిపై రాతిగోడ, పైకి పోవుటకు ఇరుకైన దారి: ఇది సాధారణముగా మన మెరిగిన కోట. కాని ఏలూరు మొదలుకొని కొల్లేటి మీదుగా సముద్రము వరకు పోయినచో దారిలో ఒక్క కొండ కానరాదు. గోడ కట్టుటకు రాయియు దొరకదు. కనుచూపు మేర వరిమళ్లు, చేపలచెరువులు, మురుగుకాలువలు, తీరమునకు చేరువగా ఉప్పుపర్రలు. ఇట్టి పల్లపు నేలలో కోట కట్టవలసివచ్చినవాడు దేనిని అండగా చేసికొనును? నీటిని, బురదను.

ఇది మన దేశమునకు క్రొత్త విద్య కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రము దుర్గములను నాలుగు తెగలుగా విభజించి, నీటిచే చుట్టబడిన జలదుర్గమును మొదట పేర్కొన్నది. అట్టి జలదుర్గమొకటి మన సముద్రతీరమున, మచిలీపట్టణమున నున్నది. దానినే బందరు కోట యందురు. మేము ఇటీవల ఏలూరునుండి కైకలూరు మీదుగా బందరు పోయి, ఆ కోట ఉన్న తావును చూచి వచ్చితిమి. అది కట్టబడిన యుక్తి మెచ్చదగినది. అది పడిపోయిన విధము అంతకంటె తెలిసికొనదగినది. అందు గ్రామపంచాయతీల పని కక్కరకువచ్చు పాఠమున్నది గనుక సభ్యుల ముందుంచుచున్నాము.

కొల్లేటి నడుమ కోట

బందరు చేరుటకు ముందు కొల్లేటిలోనే ఒక కోట పేరు వినబడును. కైకలూరు మండలమందలి కొల్లేటికోట సరస్సు నడిమి లంక. ఫాల్గుణమాసమున పెద్దింట్లమ్మవారి తీర్థమునకు ఏటేట వేలకొలది జనులు అచటికి వత్తురు. ఈ లంకలో గజపతుల కోట యుండెడిదని పెద్దలు చెప్పుకొందురు. శత్రుసేన ఒడ్డున చిగురుకోట వద్ద విడిసినదట. నీరు అడ్డమై యుండుటచే లంకకు రాలేక, సరస్సులోని నీటిని సముద్రమునకు దించుటకై కాలువ త్రవ్వించినదట. ఆ కాలువయే ఉప్పుటేరని ఐతిహ్యము.

ఇది చరిత్ర కాదు, జనుల నోట నిలిచిన కథ. అయినను అందొక నిజమున్నది. నీటికోటను గెలువదలచినవాడు గోడను కొట్టడు. నీటి గుట్టు తెలిసికొనును. ఆ నీరు ఎప్పుడు పెరుగును, ఎప్పుడు తగ్గును, ఏ దారిని పోవును అను విషయము తెలిసినవానికి ఆ కోట వశమగును. బందరు కోట విషయమున ఈ మాట అక్షరాల జరిగినది.

బందరునకు కోట వచ్చిన విధము

గోలకొండ కుతుబ్‌షాహీల ఏలుబడిలో మచిలీపట్టణము గొప్ప రేవు. ఇచటి కలంకారీ అద్దకపు వస్త్రములు పారశీక దేశమునకును, తూర్పు దీవులకును, ఐరోపాకును పోయెడివి. ఆ వర్తకము నాశించి డచ్చివారు 1605లోను, ఆంగ్లేయులు 1611లోను, ఫ్రెంచివారు 1669లోను ఇచట స్థానములు నెలకొల్పుకొనిరి.

1750లో ఈ పట్టణము ఫ్రెంచివారి చేజిక్కెను. 1753లో నిజాము సలాబత్ జంగు తన సహాయమునకు నిలిచిన ఫ్రెంచి సేనాని బుస్సీకి ముస్తఫానగరు, ఏలూరు, రాజమహేంద్రవరము, శ్రీకాకుళము అను నాలుగు సర్కారుల నిచ్చెను. మన ఏలూరు ఒక సర్కారునకు ముఖ్యస్థానము. ఇంత సీమకును సముద్రపు వాకిలి బందరు. వాకిలి పదిలముగా నున్ననే ఇల్లు పదిలము. అందుచే ఫ్రెంచివారు బందరు కోటను ఐరోపా పద్ధతిని అనుసరించి బలపరచిరి.

నిర్మాణమందలి యుక్తి

కోట పట్టణములో లేదు. పట్టణము కొంచెము మెట్టగానున్న నేలపై వాయవ్యదిశ నుండగా, కోట దానికి సుమారు ఒకటిన్నర మైలు దూరమున, సముద్రపు పాయ యొడ్డున ఉన్నది. ఆ రెంటి నడుమ అంతయు ఊబి. పట్టణమునుండి కోటకు పోవుటకు ఆ ఊబిమీద తిన్నగా పోసిన కట్ట యొక్కటే దారి. ఆనాటి యుద్ధముల చరిత్ర వ్రాసిన రాబర్ట్ ఓర్మ్ ఆ కట్ట నిడివి 2,000 గజములని చెప్పినాడు; అనగా ఇంచుమించు రెండు కిలోమీటర్లు.

ఈ ఏర్పాటులోని తెలివిని ఒక్కొక్కటిగా పరిశీలింతము.

మొదటిది దారి. శత్రువు ఎంత సేనతో వచ్చినను, కట్టమీద కొలదిమంది మాత్రమే వరుసగా నడువగలరు. పంటకాలువకు అడ్డముగా తూము పెట్టినప్పుడు ఎంత నీరున్నను తూము పట్టినంతయే పోవునట్లు, ఎంత సేన యున్నను కట్ట పట్టినంతయే ముందుకు వచ్చును. కట్ట చివర, కోటద్వారమునకు ఎదురుగా, అగడ్తకు ఆవల మరియొక చిన్న బురుజు విడిగా నుండెను. ద్వారమును ముట్టడింప వచ్చినవాడు తొలుత దానిని దాటవలెను.

రెండవది గోడ. కొండకోటల రాతిగోడ కత్తులకును నిచ్చెనలకును జంకదు గాని, పెద్ద ఫిరంగిగుండు తగిలినప్పుడు పగిలి చెక్కలై లేచును. మట్టిగోడ అట్లు కాదు. గుండును తనలో ఇముడ్చుకొనును. బందరు కోటగోడ మట్టితో దళసరిగా వేసి, వానకు కరగకుండ వెలుపలివైపు ఇటుకతో కప్పబడినది. రాయి దొరకని సీమలో దొరకిన మన్నే రాతికంటె మేలైన పని చేసినది.

మూడవది బురుజులు. కోటకు 11 బురుజులుండెను. గోడ తిన్నగా ఉన్నచో, దాని మొదటికి వచ్చి చేరిన శత్రువు పైనున్నవారికి కానరాడు. బురుజు గోడకంటె ముందుకు పొడుచుకొనివచ్చును గనుక ఒక బురుజుపైనున్నవారు ప్రక్క బురుజు మొదటిని, నడిమి గోడను కూడ కాపాడగలరు. ఇరుగుపొరుగు ఇండ్లవారు ఒకరి పెరడును మరియొకరు కనిపెట్టియుండుట వంటిది ఈ పద్ధతి.

నాల్గవది అగడ్త. గోడచుట్టు కొయ్యమేకుల కంచె, దాని కావల నీటి అగడ్త. సముద్రపు పోటువేళ అగడ్తలో నీరు పెరుగును, పాటువేళ తగ్గును. దానిని నింపుటకు ఏ చెరువును అక్కరలేదు. సముద్రమే రోజునకు రెండుమారులు నింపిపోవును.

ఇన్నింటికిని మించి చుట్టునున్న ఊబి. పెద్ద ఫిరంగులు చక్రముల బండ్లపై లాగబడును. మన బాడవ పొలములలో వానకాలమున బండి దిగబడుట ఎరిగినవారికి, ఆ ఊబిలో ఫిరంగిబండి గతి యేమగునో వేరుగా చెప్పనక్కరలేదు.

ఈశాన్యదిశయందు మాత్రము, సముద్రమువైపు, ఇసుకదిబ్బల నేల గట్టిగానుండెను. శత్రువు ఫిరంగులు నిలుపదలచిన అచటనే నిలుపవలెనని కోటవారికిని తెలియును. వారి దృష్టి ఆ వైపును, కట్టవైపును ఉండెను. నైరృతి వైపు ఊబి దాటరానిదని నమ్మకము.

కొల్లేరు దాటి వచ్చిన సేన

1758లో బుస్సీని ఫ్రెంచి అధికారులు దక్షిణమునకు పిలిపించుకొనగా, సర్కారుల భారము కాన్‌ఫ్లాన్స్ అను సేనానిపై పడెను. ఇదే అదనుగా విజయనగర ప్రభువు ఆనందగజపతిరాజు ఆంగ్లేయుల సహాయము కోరెను. బంగాళమునుండి రాబర్ట్ క్లైవు పంపిన సేనతో కర్నల్ ఫోర్డు విశాఖపట్టణమున దిగెను. 1758 డిసెంబరులో పిఠాపురమునకు చేరువనున్న చందుర్తి వద్ద జరిగిన యుద్ధములో ఫ్రెంచివారు ఓడిరి. కాన్‌ఫ్లాన్స్ వెనుకకు తగ్గి తుదకు బందరు కోట చేరెను.

ఫోర్డు 1759 ఫిబ్రవరిలో ఏలూరు వచ్చి, మార్చి మొదట అచటినుండి బయలుదేరెను. వానకాలమైనచో కొల్లేరు అతని సేనకు అడ్డుపడి యుండెడిదే. వేసవి ఆరంభమున నీరు తగ్గును గనుక సేన కొల్లేటి నేలమీదుగా దక్షిణమునకు నడచి, మార్చి మొదటి వారమున బందరు చేరి ఇసుకదిబ్బలపై విడిసెను.

ఫోర్డు స్థితి సుఖముగా లేదు. కోటలోని ఐరోపా సైనికుల సంఖ్య, ముట్టడించినవారి పక్షమునగల అట్టి సైనికుల సంఖ్యకంటె ఎక్కువ. జీతములకు ధనము లేక సేనలో అలజడి పుట్టెను. నిజాము సలాబత్ జంగు పెద్ద సేనతో బెజవాడవైపు వచ్చుచుండెను. పుదుచ్చేరినుండి ఓడలలో ఫ్రెంచివారికి సహాయము రానున్నది. ఏప్రిల్ 7వ తేదీ నాటికి ఫోర్డు ఫిరంగులకు రెండుదినములకు సరిపడు మందు మాత్రమే మిగిలెను.

మోకాలిలోతు బురద

ఇట్టి సమయమున కోట గతి నిర్ణయించినది ఫిరంగి కాదు, ఆ ప్రాంతపు సామాన్యజనుల నడక. దాటరానిదని కోటవారు నమ్మిన నైరృతిదిశ ఊబిలో స్థానికులు కొందరు నడచి వచ్చిపోవుచుండుట ఆంగ్లేయుల కంటబడెను. ఫోర్డు ఇద్దరధికారులను రాత్రివేళ పంపి ఆ తావు పరీక్షింపజేసెను. బురద మోకాలిలోతు అని తేలెను. కష్టమేగాని, దాటవచ్చును.

ఏప్రిల్ 7వ తేదీ రాత్రి ముట్టడికి అర్ధరాత్రి ఎన్నుకొనబడెను. అందుకు కారణము చీకటి యొక్కటే కాదు. ఆ వేళ సముద్రము పాటులో నుండి అగడ్తలోని నీరు మూడడుగులకు మించదు. మూడు దిక్కుల అలజడి సాగెను. నైరృతి ఊబిలో కెప్టెన్ నాక్సు సిపాయిలతో దిగి తుపాకులు కాల్పించెను. కట్టవైపు ఆనందగజపతిరాజు సేన ద్వారమునెదుట సందడి చేసెను. కోటవారు ఈ రెండు వైపులకును పరుగులిడగా, అసలు దండు ఈశాన్యమున, పగలెల్ల ఫిరంగులు గాయపరచిన బురుజు వద్ద, బురదలో నడచి, అగడ్త దిగి, కంచె నరికి, గోడ ఎక్కెను. ఒక బురుజు చిక్కిన పిమ్మట గోడమీదుగానే తక్కినవానిని పట్టుకొనిరి. తెల్లవారుసరికి కాన్‌ఫ్లాన్స్ లొంగిపోయెను. పట్టుబడినవారి సంఖ్య పట్టుకొన్నవారి సంఖ్యకంటె ఎక్కువగా నుండెను. ఫ్రెంచి సహాయపు ఓడలు వారము దినములకు వచ్చెను గాని, అప్పటికి పని మించిపోయెను.

మే నెలలో సలాబత్ జంగు ఆంగ్లేయులతో సంధి చేసికొని, మచిలీపట్టణమును చుట్టుపట్ల సీమలతో కూడ వారికిచ్చెను. ఉత్తర సర్కారులలో ఫ్రెంచివారి ప్రాబల్యము అంతటితో ముగిసెను. ఇంత మార్పునకు మూలము మోకాలిలోతు బురదను గూర్చిన ఒక చిన్న ఎరుక. ఆ ఎరుక ఊరివారి కాళ్లకు ఉన్నది; కోటలోని అధికారులకు లేదు. వారు ఊరివారిని అడుగనులేదు.

సముద్రము వచ్చిన రాత్రి

ఆంగ్లేయుల చేతిలో కోట మరి నూరేండ్లు నిలిచెను. దానిని నిర్మూలించినది శత్రువు కాదు.

1864 నవంబరు 1వ తేదీ రాత్రి బందరు తీరమును పెనుతుపాను తాకెను. తుపానుగాలి సముద్రపు నీటిని ఒడ్డునకు నెట్టుకొనివచ్చును. మన తీరమున సముద్రము లోతు తక్కువ. నెట్టబడిన నీరు అడుగునకు పోవు వీలులేక ఉప్పెనగా పైకి లేచును. నేల పల్లముగా నున్నచోట ఆ నీటిని ఆపునది యేదియు లేదు. ఆ రాత్రి నీరు సాధారణపు పోటుమట్టముకంటె 13 అడుగులు లేచి, కొన్నిచోట్ల 17 మైళ్ల దూరము లోపలికి చొచ్చెనని జిల్లా చరిత్రలు తెలుపుచున్నవి. సుమారు 30,000 మంది మరణించిరి.

ఇచట కోట యుక్తి యంతయు తలక్రిందులైనది. శత్రువు రాకుండ ఏ పల్లమును ఎన్నుకొనిరో, ఆ పల్లమే ఉప్పెనకు దారి ఇచ్చినది. శత్రువు దూరకుండ ఒక్క కట్టయే ఉంచగా, ఆ కట్ట మునిగిన రాత్రి లోనివారికి వెలుపలికి పోవు దారియు లేకపోయినది. గోడలు ఫిరంగిగుండ్లకై లెక్కింపబడినవి, సముద్రమునకై కాదు. 1865లో అచటినుండి సైన్యమును తీసివేసిరి. కోట పాడుపడెను.

నేడు మిగిలినది

నేడు గిలకలదిండి రేవునకు చేరువనున్న ఆ తావునకు పోయినవారికి పూర్ణమైన కోట కానరాదు. ఆయుధాగారమని పిలువబడు కట్టడపు శిథిలములు, దళసరి ఇటుకగోడల తునకలు కనబడును. పట్టణమున డచ్చివారి శ్మశానవాటికలో 17వ శతాబ్దపు సమాధిఫలకములపై చెక్కిన వంశచిహ్నములు, అక్షరములు ఇప్పటికిని చూడవచ్చును. చదివినవాడు కోట ఆకారమును ఊహింపగలడు. చదువనివానికి అది ఇటుకల దిబ్బ. ఏటేట ఉప్పుగాలి కొంత తినివేయును. మనుష్యుడు తన యవసరమునకై మోసికొనిపోవు ఇటుక మరి కొంత తగ్గించును.

పంచాయతీలు చేయదగినది

బందరు కోట మనకు రెండు పనులు చెప్పుచున్నది.

మొదటిది, ఊరి నేలను గూర్చి ఊరివారికి గల ఎరుకను పోనీయకుండుట. మన కొల్లేరు కృష్ణా గోదావరి డెల్టాల నడిమి పల్లము. బుడమేరు, తమ్మిలేరు మొదలగువాని నీరు దానిలో చేరి ఉప్పుటేరు గుండ సముద్రమునకు పోవలెను. ఉప్పుటేరు పూడినను, మురుగుకాలువలకు అడ్డుకట్టలు పడినను, నీరు వెనుకకు తన్ని పొలములను ఇండ్లను ముంచును. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడను ముంచిన దినములలో కొల్లేటి లంకగ్రామములు కూడ నీట చిక్కినవి. కొల్లేటిలో ఐదవ కాంటూరునకు లోబడిన 308 చదరపు కిలోమీటర్లు 1999లో అభయారణ్యముగా ప్రకటింపబడినది. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యముగల రామ్‌సర్ చిత్తడినేలల పట్టికలో చేరినది. ఈ ప్రకటనలు కాగితముపై నున్న గోడలు. నీరు ఏ బోదెలో మొదట ఎక్కును, ఏ వీధి ముందు మునుగును, ఏ కట్ట చివరివరకు నడువనిచ్చును అను విషయము చేపలు పట్టువారికి, పశువులు కాయువారికి, వృద్ధులకు తెలియును. వారినడిగి వ్రాయించి, ఊరి పటముపై గుర్తులు వేయించి, పంచాయతీ కార్యాలయమున ఉంచవలెను. గ్రామసభలో ఏటికొకమారు, తుపానుల కాలమునకు ముందే, దానిని చదివి వినిపించవలెను. ఊరికి ఒక్కటే దారి యున్నచో, అది మునిగిన దినమున రెండవ దారి యేదియో నేడే నిర్ణయించుకొనవలెను. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమలో ఉప్పెన వేలకొలది ప్రాణములను బలిగొన్నది. ఆనాటికిని నేటికిని హెచ్చరిక అందు సాధనములు ఎంతో పెరిగినవి. కాని హెచ్చరిక వినినవాడు ఏ దారిని ఎచటికి పోవలెనో చెప్పవలసినది ఊరే.

రెండవది, ఊరిలోని పాత గుర్తులను కాపాడుట. ఏలూరు చెంతనే పెదవేగి వేంగీ రాజుల రాజధాని. కామవరపుకోట వైపు గుంటుపల్లి బౌద్ధగుహలు మన జిల్లాకు కీర్తి. ఇవి పేరుపడినవి. పేరుపడనివి మన పొలములలో, చెరువుగట్లపై, గుడి ఆవరణలలో ఎన్నియో గలవు: శాసనముగల బండ, పాత బురుజు, పెద్ద ఇటుకల దిబ్బ, ఎవరిదో తెలియని సమాధి. ఇట్టివి కనబడినప్పుడు కదల్పక పురావస్తుశాఖవారికి వ్రాయవలెను. కేంద్రప్రభుత్వపు 1958 చట్టము, రాష్ట్రపు 1960 చట్టము రక్షిత కట్టడములకు హాని చేయుటను నేరముగా నెంచినవి. కేంద్రము రక్షించు కట్టడమునకు నూరు మీటర్ల లోపల క్రొత్త నిర్మాణములు నిషిద్ధములు. ఇంటిపన్ను వేయుటకును, నిర్మాణములకు అనుమతి చూచుటకును పంచాయతీ ముందుకు వచ్చునప్పుడు ఈ సంగతి జ్ఞప్తియందుంచుకొనవలెను.

పాఠశాల పిల్లలను బందరు కోటకు తీసికొనిపోవు ఉపాధ్యాయులకు పంచాయతీలు తోడ్పడుట కూడ మంచిపని. గోడ కూలినను గోడ చెప్పు మాట కూలలేదు. ఏ నేలనైనను తెలివితో వాడుకొనినచో అది అండయగును. దాని గుణమును మరచి నమ్మియున్నచో అదియే ముప్పగును. కొల్లేటి గట్టున నున్న ప్రతి పంచాయతీయు తన చేతిలో ఒక జలదుర్గమున్నదని యెంచి, దాని నీటి గుట్టును తాను ముందుగా తెలిసికొనుట అవసరము.